ఐదున్నరకు తెరిచే కిటికీ

ఇరవై మూడేళ్ళుగా నా పని ఒక్కటే. ఎవరైనా ఇల్లు కొనబోయే ముందు వెళ్ళి, ఆ ఇంట్లో తప్పులు వెతకడం. నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కుతాను, అటకలో మోకాళ్ళ మీద పాకుతాను, సెల్లార్‌లో టార్చి పట్టుకుని గోడల్లో చెమ్మ చూస్తాను. సాయంత్రానికి నలభై పేజీల రిపోర్టు రాసి కొనేవాళ్ళ చేతిలో పెడతాను. లెక్కేస్తే ఇప్పటికి నాలుగు వేల ఇళ్ళు దాటాయి. నదీ తీరాన ఉన్న మా చిన్న ఊళ్ళో నోరీన్ హాక్ తనిఖీకి వస్తోందంటే అమ్మేవాళ్ళ మొహాలు మాడిపోతాయి. అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉంది, దాచడమెందుకు.

నాకు మాత్రం ఇల్లు లేదు. బట్టలుతికే షాపు మీద రెండు అద్దె గదుల్లో ఉంటాను. కింద యంత్రాలు తిరుగుతున్నంతసేపూ నా బల్ల మీద చెంచాలు సన్నగా గలగలమంటుంటాయి. ఆదివారం షాపుకి సెలవు. ఆ రోజు ఏ చప్పుడూ ఉండదు, నాకేమీ తోచదు.

ఒకప్పుడు రాయ్ అనే మనిషితో ఆరేళ్ళు కాపురం చేశాను. మంచివాడే. వెళ్ళిపోతూ గుమ్మంలో నిలబడి, "నీతో ఉంటే రోజూ తనిఖీ జరుగుతున్నట్టుంది నోరీన్. నా మీద కూడా ఎక్కడో రిపోర్టు రాసే ఉంటావు" అన్నాడు. రాయలేదు. కానీ రాయమంటే ఏమేం రాయాలో నాకు వరసగా తెలుసు.

ఇల్లు కొందామని అనుకోకపోలేదు. నాలుగుసార్లు ఒప్పందం దాకా వెళ్ళాను. మా దగ్గర ఒప్పందం రాసుకున్నాక పది రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు తనిఖీ చేయించుకోవచ్చు, నచ్చకపోతే ఒక కాగితం పంపి తప్పుకోవచ్చు. నేను నాలుగుసార్లూ ఆ కాగితం పంపాను. ఒక ఇంటికి పునాదిలో పగులు, ఒకదానికి కరెంటు తీగలు పాతవి, ఒకదానికి పైకప్పు పని చెత్తగా చేశారు. నాలుగోదానికి ఏం వంక పెట్టానో నాకే గుర్తులేదు. అసలు సంగతి వేరే. ప్రతి ఇంట్లోనూ చివరికి నేనొక్కదాన్నే ఖాళీ గదిలో నిలబడేదాన్ని, నా దగ్గు నాకే తిరిగి వినపడేది. భయం వేసేది. భయం అని రిపోర్టులో రాయలేం కదా, పగులు అని రాసేదాన్ని.

ఐదో ఇల్లు పోయిన అక్టోబరులో దొరికింది. ఎల్డన్ రూడ్ అనే డెబ్భై తొమ్మిదేళ్ళ ఆయనది. భార్య ఓపల్ చనిపోయి నాలుగేళ్ళయింది, పిల్లల్లేరు. ఒంటరిగా ఇంటి ముందు మంచు ఎత్తిపోసుకోలేక, నది పక్కన పెద్దవాళ్ళ కోసం కట్టిన అపార్టుమెంటులో ఒక గది తీసుకున్నాడు. చిన్న ఇల్లు, కింద రెండు గదులు, పైన ఒకటి, అడుగున సెల్లార్. వెనక వరండాలో నిలబడగానే నాకు నచ్చేసింది. ఆ నచ్చడం చూసి నాకే అనుమానం వేసింది.

మా ఊళ్ళో ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు గ్రెచెన్ నాకు పాత స్నేహితురాలు. ఫోనులో గట్టిగానే చెప్పింది.

"చూడు తల్లీ, శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు అయిపోతుంది. ఈసారి కూడా వెనక్కి తగ్గావో, ఆరో ఇల్లు నువ్వే వెతుక్కో. నాకు ఓపిక లేదు."

"ముందు తనిఖీ కానీ."

"ఎవరితో చేయిస్తున్నావ్?"

"నేనే చేసుకుంటా."

"కొనేదీ నువ్వే, వంకలు పెట్టేదీ నువ్వే. బావుంది. ఇంక మధ్యవర్తులం మేమెందుకు?" అంది.

తను కొనే ఇల్లు తనే తనిఖీ చేసుకోవడం మా వృత్తిలో పద్ధతి కాదు. మనసు ఒక పక్కకి లాగుతుందంటారు. నా మనసు ఏ పక్కకి లాగుతుందో నాకు తెలుసు కాబట్టి ఫరవాలేదనుకున్నాను.

సోమవారం పొద్దున వెళ్ళాను. తనిఖీ జరిగేటప్పుడు అమ్మేవాళ్ళు ఇంట్లో ఉండకూడదు. చాలామంది ఏ షాపుకో పోతారు. ఎల్డన్ ఎదురుగా రోడ్డవతల కారులో కూర్చున్నాడు. నేను పైకప్పు మీద నుంచి చూసినా ఉన్నాడు, గంట తర్వాత వాననీటి గొట్టం పట్టుకుని ఊపి చూసినా ఉన్నాడు. ఫ్లాస్కులోంచి ఏదో పోసుకుంటున్నాడు. మనింట్లో పరాయి మనిషి అల్మారాలు తెరుస్తుంటే బయట చలిలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఇరవై మూడేళ్ళలో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజూ ఆలోచించలేదు, చిరాకు పడ్డానంతే.

ఇల్లు గట్టిదే. గీజరు పాతది. ఇంట్లో కిటికీలన్నీ రంగు మీద రంగు వేసి వేసి బిగుసుకుపోయాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. సెల్లార్‌లో గోడకి బిగించిన పని బల్ల, దాని మీద చేపల గాలాలకి దారం చుట్టే పాత చక్రాలు కొన్ని, పైన నేలమట్టానికి ఒక చిన్న కిటికీ. ఆ కిటికీ మాత్రం వేలితో తోస్తే తెరుచుకుంది. బందులకి నూనె మెరుస్తోంది. బాగుంది అని రాసుకున్నాను. బయటికి వెళ్ళి చూస్తే ఆ కిటికీ కిందే మట్టిలో ఒక చదునైన రాయి, మధ్యలో కొద్దిగా అరిగి ఉంది. వాననీళ్ళు దాని మీద నుంచి గోడ వైపు జారే వాలు ఉంది. ముప్ఫై ఒకటో అంశం: రాయి తీసేయాలి.

చివరగా సెల్లార్‌లో రేడాన్ యంత్రం పెట్టాను. రేడాన్ అంటే నేలలోంచి ఊరే వాయువు. రంగు లేదు, వాసన లేదు, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు తినేస్తుంది. మా అయోవా రాష్ట్రపు నేలలో అది ఎక్కువ. యంత్రం నలభై ఎనిమిది గంటలు గాలిని కొలుస్తుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఒక్క కిటికీ కూడా తెరవకూడదు, తెరిస్తే లెక్క తప్పుతుంది. సగటు నాలుగు దాటితే ఇల్లు పాస్ కానట్టు. అమ్మేవాళ్ళ చేత సంతకం పెట్టించుకుని, ఆ కాగితం తలుపుకి అంటించి వస్తాం. ఎల్డన్ కారు అద్దం దించి, కాగితం స్టీరింగు మీద పెట్టుకుని, అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టాడు.

"రెండు రోజులేనా?" అని అడిగాడు.

"రెండే."

బుధవారం మధ్యాహ్నం యంత్రం తెచ్చుకుని గదిలో కూర్చుని చూశాను. సగటు మూడు పాయింట్ ఎనిమిది. పాస్. గుండె ఒక్క క్షణం తేలికపడింది. తర్వాత అలవాటు కొద్దీ గంట గంటకీ గీసిన గ్రాఫు తెరిచాను. గీత బల్లపరుపుగా పోతూ సోమవారం సాయంత్రం ఐదున్నర దగ్గర గుంటలా దిగింది. మంగళవారం ఐదున్నర దగ్గర మళ్ళీ అంతే దిగింది. రెండుసార్లూ గదిలో వేడి కూడా తగ్గింది. కిటికీ తెరిచారు. నూనె మెరిసే ఆ చిన్న కిటికీయే, ఇంకోటి కాదు.

ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. ఇల్లు ఫెయిలవుతుందని భయపడి అమ్మేవాళ్ళు గాలి ఆడిస్తుంటారు, ఎన్నిసార్లు పట్టుకోలేదు. నిజం చెప్పాలంటే నాకు కోపం కంటే ముందు ఊరట కలిగింది. ఐదోసారి వంక దొరికింది, అదీ నాది కాని తప్పు. తప్పుకునే కాగితం పది నిమిషాల్లో టైపు చేశాను. గ్రెచెన్‌కి పంపేసి ఊరుకోవలసింది. కానీ ఆ ముసలాయన అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టాడే, అది మింగుడుపడలేదు. కాగితం, గ్రాఫు రెండూ తీసుకుని ఆయన ఇంటికే వెళ్ళాను. కొనేవాళ్ళు ఇలా అమ్మేవాళ్ళ ఇంటి మీదికి పోకూడదు, ఏదైనా ఏజెంట్ల ద్వారానే మాట్లాడాలి. నా కోపానికి అంత ఓపిక లేదు.

ఆయన తలుపు తీశాడు. చేతిలో గరిటె ఉంది.

"సెల్లార్ కిటికీ తెరిచారు" అన్నాను, నమస్కారం కూడా లేకుండా.

"లేదే."

గ్రాఫు ఆయన మొహం ముందు పెట్టాను. గరిటె పక్కన పెట్టి, కళ్ళజోడు తెచ్చుకుని, గుమ్మంలోనే నిలబడి చూశాడు.

"ఈ గుంటలేంటి?"

"మీరే చెప్పాలి. సోమవారం ఐదున్నర. మంగళవారం ఐదున్నర."

ఆయన గీత మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. "ఇందులో అంత బాగా కనపడుతుందా" అన్నాడు. తర్వాత, "లోపలికి రండి, చలి" అన్నాడు.

వంటింట్లో కూర్చున్నాం. ఆయన నా వంక చూడకుండా టేబులు వంక చూస్తూ చెప్పాడు.

"నేను రాళ్ళ క్వారీలో పనిచేసేవాణ్ణి. సాయంత్రం రాగానే వెనక తలుపు నుంచి నేరుగా సెల్లార్‌లోకే దిగేవాణ్ణి. ఆ బూట్లతో వంటింట్లో అడుగుపెడితే ఓపల్ చంపేసేది. గాలం చక్రాలు బాగుచేసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి, ఒకసారి కాఫీతో దిగుతూ పడింది. అప్పట్నుంచి ఇల్లు చుట్టి వచ్చి కిటికీలోంచి ఇచ్చేది. ఐదున్నరకి. నేను లోపల, తను బయట. నలభై ఒక్క ఏళ్ళు."

"చలికాలం కూడానా?"

"మంచులో కూడా. మోకాళ్ళకి మట్టి అంటకుండా ఒక రాయి తెచ్చి వేశాను, నది నుంచి. చూసే ఉంటారు."

చూశాను. ముప్ఫై ఒకటో అంశం.

"తను పోయాక కూడా తెరుస్తున్నాను. పిచ్చి అనుకోండి. ఒక కాఫీ తాగేంతసేపు, అంతే. సోమవారం నాడు తెరవకూడదనే అనుకున్నాను. సంతకం పెట్టాను కదా. చేతులు రెండూ ఇలా తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను." ఆయన నిజంగానే చేతులు తొడల కింద పెట్టుకుని చూపించాడు. "ఐదున్నర దాటింది. ఇంకో రెండు నిమిషాలు. ఇంక నావల్ల కాలేదమ్మా. తనని బయట చలిలో నిలబెట్టినట్టనిపించింది."

పొయ్యి మీద ఏదో మాడుతోంది. ఆయన లేచి కట్టేశాడు. నా కోపం ఎటు పోయిందో తెలీదు. తప్పుకునే కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

"మళ్ళీ యంత్రం పెడతాను. శుక్రవారం దాకా. కిటికీ మూసి ఉంచాలి" అన్నాను.

"మాటివ్వలేను" అన్నాడు. "అబద్ధం ఒకసారి ఆడాను, అది చాలు."

"అయితే ఇవాళా రేపూ ఐదింటికి నేనొస్తాను. ఇద్దరం బయట భోంచేద్దాం. ఆరున్నర దాకా ఇంట్లో ఉండకండి."

ఆయన నన్ను అప్పుడు సరిగ్గా చూశాడు. "మీరు ఇన్‌స్పెక్టరా, పోలీసా?" అన్నాడు.

రెండు సాయంత్రాలూ వంతెన పక్కన ఉన్న చిన్న హోటల్లో కూర్చున్నాం. మొదటి రోజు ఆయన పళ్ళెం కంటే పెద్దదైన పంది మాంసం కట్లెట్టు బన్ను తెప్పించుకుని సగం కూడా తినలేదు. ఐదున్నరకి గోడ గడియారం చూశాడు. నేనూ చూశాను. ఎదురుగా మనిషి కూర్చుని తినడం అలవాటు తప్పిపోయింది. కాసేపటికి ఉప్పు సీసా ఆయన వైపు జరిపాను, అదే నేను చేయగలిగింది.

రెండో రోజు ఆయనే అడిగాడు.

"ఓపల్ కిటికీ దగ్గర ఏం చెప్పేదో తెలుసా? ఊళ్ళో జరిగినవన్నీ. పక్కింటి పిల్లి, పోస్టు తెచ్చేవాడి మోకాలు, చర్చిలో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో. పనికొచ్చేది ఒక్కటీ ఉండేది కాదు. ఇప్పుడు నాకు ఏ వార్తా తెలీదు." ఆగి, "మీకెవరు చెబుతారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పరు."

"నాలుగు వేల ఇళ్ళు చూశారట కదా, గ్రెచెన్ చెప్పింది. ఒక్కటీ పనికిరాలేదా?"

"పనికొచ్చాయి. నేనొక్కదాన్నే కదా, అంత ఇల్లెందుకనిపిస్తుంది."

కాదు, ఫరవాలేదు, అలవాటైపోతుంది అంటాడేమో అనుకున్నాను. అందరూ అదే అంటారు. ఆయన అనలేదు.

"ఒక్కళ్ళకి పెద్దదే. అబద్ధం చెప్పను. నాలుగేళ్ళుగా నాకూ పెద్దదే" అన్నాడు. "కొత్త గది మూడో అంతస్తులో. అక్కడ కిటికీ తెరిస్తే పావురాలు తప్ప ఎవరూ రారు."

గడియారం ఆరు చూపిస్తోంది. ఐదున్నర ఎప్పుడు దాటిందో ఇద్దరం చూడలేదు. ఆయన అది గమనించి, తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. నాలుగు పాయింట్ మూడు. గీత ఎక్కడా గుంట లేకుండా సాఫీగా ఉంది. ఇల్లు ఫెయిల్. రోజూ కాఫీ తాగేంతసేపు తెరిచిన కిటికీ వల్లే మొదటిసారి పాసయింది. ఇంతకాలం ఆయన ఊపిరితిత్తులకి ఆ కాసేపైనా మంచి గాలి అందిందనుకున్నాను.

మూడింటికి గ్రెచెన్ ఫోను చేసింది.

"నాలుగు దాటిందటగా. తప్పుకునే కాగితం ఉందా, నేను టైపు చేయనా?"

"ఉంది. నా కోటు జేబులో."

"పంపు మరి."

"పంపను."

"నోరీన్, ఒంట్లో బావుందా?"

"గొట్టం వేసి ఫ్యాను పెడితే రేడాన్ బయటికి పోతుంది, ఒక్క రోజు పని. నేనే పెట్టుకుంటా. ఆయన్ని ఏమీ బాగుచేయమని అడగొద్దు."

"ముప్ఫై ఎనిమిది తప్పులు రాశావు రిపోర్టులో."

"ముప్ఫై ఏడు" అన్నాను. రాయి అంశం రిపోర్టులోంచి కొట్టేశాను.

నవంబరు మూడో వారంలో సంతకాలయ్యాయి. అమ్మేవాళ్ళు ముందే వేరే చోట సంతకం పెట్టేస్తారు కాబట్టి ఎల్డన్ నాకు కనిపించలేదు. తాళాలు గ్రెచెన్ ఇచ్చింది, కౌగలించుకుంది, పరుగున ఇంకో ఇంటికి వెళ్ళిపోయింది. సాయంత్రం ఖాళీ ఇంట్లోకి ఒక్కదాన్నే అడుగుపెట్టాను. నా బూట్ల చప్పుడు గదుల్లో తిరిగి నా దగ్గరికే వచ్చింది. దగ్గాను. అదీ వచ్చింది. ఎప్పట్లాగే భయం వేసింది, కానీ ఈసారి రాయడానికి రిపోర్టు లేదు.

సెల్లార్‌లోకి దిగాను. చక్రాలు తీసుకెళ్ళిపోయాడు. గోడకి బిగించింది కాబట్టి బల్ల మాత్రం ఇంటితో పాటు ఉండిపోయింది. కిటికీ అంచు మీద చిన్న నూనె డబ్బా ఒకటి పెట్టి ఉంది, పక్కన చీటీ గీటీ ఏమీ లేదు.

ఐదున్నరకి కిటికీ తెరిచాను. బందులు చప్పుడు చేయలేదు. తడి గడ్డి వాసన, చలి గాలి లోపలికొచ్చాయి. చేతి గడియారం చూస్తూ పది నిమిషాలు నిలబడ్డాను. ఎవరూ రాలేదు. వచ్చేవాళ్ళెవరూ లేరని నాకు తెలుసు, అయినా నిలబడ్డాను. అప్పుడు అర్థమైంది, ఈ కిటికీకి ఇద్దరు మనుషులు కావాలి. లోపల తెరిచేవాళ్ళు ఒకరుంటే సరిపోదు.

పైకి వెళ్ళి కాఫీ పెట్టాను. సంచిలో కాఫీ సామానుతో పాటు తెచ్చుకున్నది ఒకటే కప్పు. దాన్ని పట్టుకుని వెనక తలుపు తీసి, ఇల్లు చుట్టి నడిచాను. లెక్కపెట్టడం నా అలవాటు, ముప్ఫై నాలుగు అడుగులు. రాయి మీద మోకాళ్ళు ఆనించాను. అరిగిన చోట రెండు మోకాళ్ళూ సరిగ్గా కుదిరాయి. కప్పు కిటికీ అంచు మీద పెట్టి లోపలికి చూశాను. దీపం వెలుగుతోంది, బల్ల ఉంది, ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ ఇళ్ళలో అన్నీ చూశాను గానీ, లోపల ఎవరైనా ఉన్నారా అని ఇలా వంగి ఎప్పుడూ చూడలేదు.

ఏదో ఒకటి చెప్పాలి కదా అనిపించింది. "ఇవాళ తాళాలిచ్చారు" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలీక, "గ్రెచెన్ జుట్టు కత్తిరించుకుంది, అస్సలు బాలేదు" అన్నాను.

లేచి తిరిగి నడిచాను. లోపల ఎదురుచూసేవాళ్ళు లేరని తెలిసి కూడా, ఎందుకో పరుగులాంటి నడక నడిచాను. వెనక తలుపు, ఆ నిటారు మెట్లు, బల్ల. చెయ్యి చాచి కప్పు అందుకున్నాను. కాఫీ ఇంకా వేడిగానే ఉంది.